వరండాలో పెట్టిన కాపురం

పోయిన వారం మేస్త్రిని సందు మలుపులో, లారీ పక్కన నిలబెట్టి వచ్చాం. మూడో అంతస్తులో పదకొండేళ్ళు సాగిన కాపురాన్ని అతను రెండు గంటల్లో మూటలు కట్టాడు. కిందికి దింపాడు. లారీ ఎక్కించాడు. తాళంచెవి తీసుకెళ్ళి ఓనరు మేనేజరు చేతిలో పెట్టి, చూపించిన చోట సంతకం చేసి, ఇప్పుడు భార్య డ్యూటీ దిగి వచ్చేదాకా మీసం దువ్వుకుంటూ ఎదురు చూస్తున్నాడు. రేపు శనివారం పొద్దున పది గంటలకు కోర్టు మనుషులు వచ్చి వాళ్ళని ఖాళీ చేయిస్తారు. వాళ్ళు వచ్చేసరికి ఆ రెండు గదుల్లో చీపురు పుల్ల కూడా మిగలకూడదని మేస్త్రి పంతం. భార్యకు ముందే చెబితే ఏడుస్తుందని చెప్పలేదు.

ఆ పంతం ఊరికే పుట్టలేదు. ఇరవై రెండేళ్ళుగా అతని బతుకంతా ఇళ్ళు మారేవాళ్ళ సామాను మోయడమే. అతని కింద ముగ్గురు హమాలీలు, అందుకే అందరికీ అతను మేస్త్రి. మోసిన ఇళ్ళలో సంబరంగా మారినవి సగం. మిగతా సగం సంగతి వేరు. కోర్టు మనుషులు వచ్చి పరుపులు మెట్ల మీద నుంచి దొర్లించేస్తారు. గిన్నెలు, పిల్లల పుస్తకాలు, మందు సీసాలు ఒకే కుప్ప. ఒకసారి ఒకావిడ లోపలి బట్టలు నడి రోడ్డు మీద పడి ఉంటే, చుట్టూ చేరిన జనం చూస్తుండగా వంగి తీసుకోలేక ఆవిడ గోడ వైపు తిరిగి నిలబడింది. వాటిని మేస్త్రే ఏరి దుప్పట్లో చుట్టి ఇచ్చాడు. ఆ రోజే అనుకున్నాడు, నా సామాను దిగే రోజంటూ వస్తే నా చేతుల మీదుగానే దిగాలి అని.

ఆ రోజు వచ్చింది. నాలుగు నెలల కిందట ఒక షావుకారు ఇనప్పెట్టె మెట్ల మీద జారింది. పెట్టెను ఆపాడు గానీ నడుము నిలవలేదు. బరువు ఎత్తొద్దన్నాడు డాక్టరు. బరువెత్తని మేస్త్రికి పని ఎవడిస్తాడు? ఒక నెల అద్దె తప్పింది, రెండో నెల ఉత్తరం వచ్చింది, మూడో నెల కోర్టు కాగితం. ఇల్లు పోవడమంటే పిడుగు పడ్డట్టు జరుగుతుందని ఇల్లున్నవాళ్ళు అనుకుంటారు. కాదు. ఒక నడుము, ఒక నెల, ఒక ఉత్తరం. అంతే.

రెండున్నరకు భార్య వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని ఆమెది. పొద్దున ఆరింటి షిఫ్టు. బ్లీచింగు వాసన ఆమెకన్నా నాలుగడుగులు ముందు నడిచి వస్తుంది. సందు మలుపు తిరిగి లారీని చూసింది. లారీలో బీరువాను చూసింది. బీరువా మీద కట్టిన తన సొంత చీరను గుర్తుపట్టింది.

"మన బీరువా లారీలో ఎందుకుంది?"

"దా, ఎక్కు" అన్నాడు మేస్త్రి హుషారుగా. "చెల్లెలి ఇంటికి పోదాం. పిల్లల్ని బడి నుంచి తెచ్చేశా. అన్నీ సర్దేశా. ఒక్క గాజు గ్లాసు పగిలితే నన్నడుగు."

"తాళంచెవి?"

"ఇచ్చేశా. తల ఎత్తుకుని ఇచ్చేశా. ఆ మేనేజరున్నాడే, ఏనాడూ కుర్చీ చూపించనివాడు ఇవాళ లేచి చెయ్యి కలిపాడు. టీ తెప్పించాడు."

"తాగావా?"

"తాగా."

"బాగుందా?"

మేస్త్రి మీసం మీద చెయ్యి ఆగిపోయింది. పద్నాలుగేళ్ళ సంసారంలో ఆమె గొంతు ఇంత మెత్తగా వచ్చింది మూడే మూడుసార్లు. మూడుసార్లూ ఆ తరవాత అతను తలదాచుకోవడానికి చోటు వెతుక్కున్నాడు.

ఆమె అరవలేదు. లారీ ఫుట్‌బోర్డు మీద కూలబడింది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, దాని జిప్పు లాగుతూ మూస్తూ, నేల చూస్తూ చెప్పింది.

"నాలుగింటికి మనింటికి మేడమ్ వస్తోంది."

"ఏ మేడమ్?"

"పాత మిల్లు స్థలంలో కట్టిన ఇళ్ళ మేడమ్."

మేస్త్రి ముఖం ఎర్రబడింది. అయిదు వారాల కిందట ఆ ఇళ్ళ దరఖాస్తు ఫారం ఆమె తెస్తే, అతనే నాలుగు ముక్కలు చేసి కిటికీలోంచి పారేశాడు. ఒకరి దయ మీద బతకనన్నాడు.

"మళ్ళీ పెట్టావా? నాకు చెప్పకుండా?"

"చెబితే మళ్ళీ చింపుతావు. ఆరుసార్లు తిరిగా ఆ ఆఫీసుకి. షిఫ్టు అయ్యాక, తిండి మానుకుని. నువ్వు మాత్రం నాకు చెప్పి చేశావా ఈ ఘనకార్యం?"

లారీ క్యాబిన్‌లోంచి పదమూడేళ్ళ పెద్దది తల బయటపెట్టి చూసింది. చిన్నది ఇంకా పరుపుల మధ్య నిద్రపోతోంది. దానికి ఏడేళ్ళు. ఎప్పుడు మూర్ఛ వస్తుందో తెలియదు. మందు వేళ తప్పకూడదు. వచ్చినప్పుడు పక్కన పెద్ద చేతులు నాలుగు ఉండాలి.

"సరే, వస్తే రానీ" అన్నాడు మేస్త్రి. "చెల్లెలి ఇంటి అడ్రసు ఇద్దాం. అక్కడికే రమ్మందాం."

"అక్కడికి రాదు."

"ఎందుకు రాదు?"

"ఎందుకంటే ఆ ఇళ్ళు ఇల్లు పోయినవాళ్ళకి కాదు, పోబోతున్నవాళ్ళకి! రోడ్డు మీద పడకముందే పట్టుకోవాలని కట్టారు వాటిని. మనం ఇంట్లో ఉండగా చూడాలి ఆవిడ. పొయ్యి చూడాలి, పడక చూడాలి, పిల్లల పుస్తకాలు చూడాలి. తమంతట తాము తాళం ఇచ్చి వెళ్ళిపోయారంటే, వీళ్ళకి ఇంకోచోటు ఉంది కాబట్టే వెళ్ళారని రాసుకుని పోతుంది. అరవై ఇళ్ళలో యాభై తొమ్మిది నిండిపోయాయి. ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కదానికి మన పేరు మొదట ఉంది. ఉండేది. నువ్వు టీ తాగేదాకా."

మేస్త్రి లారీలోని బీరువా వైపు చూశాడు.

ఈ రూలు రాసినవాడెవడో గానీ, మూటలు కట్టుకుని ఏనాడూ ఇల్లు మారి ఉండడు. పరువుగా తప్పుకున్నవాడికి తలుపు మూత. మెడపట్టి గెంటేదాకా కూర్చున్నవాడికి సాయం. పేదవాడికి సిగ్గు ఉండకూడదని కాగితం మీద రాయకుండానే రాశారు.

"నాలుగు రోజులు చెల్లెలి దగ్గర ఉండి, ఏదో ఒకటి..."

"నాలుగు రోజులు! మీ చెల్లెలిది ఒక్క గది. వాళ్ళు అయిదుగురు, మనం నలుగురం. నిలబడి నిద్రపోదామా గుర్రాల్లాగా? మీ బావగారు రెండో రోజుకే దగ్గడం మొదలెడతాడు. ఆ తరవాత? ఇల్లు లేనివాళ్ళని పడుకోబెట్టే పెద్ద షెడ్డు. అక్కడ మగవాళ్ళు ఒక హాలు, ఆడవాళ్ళు ఒక హాలు. మధ్యలో గోడ. చిన్నదానికి మూర్ఛ వస్తే నువ్వు గోడకి అవతల నిలబడి మీసం దువ్వుకో."

"అడుక్కోవడం నా వల్ల కాదే" అన్నాడు మేస్త్రి. ఆ మాటలో పొద్దుటి బలం లేదు.

"ఎవడు అడుక్కోమన్నాడు? అద్దె కడతాం. మనకి వచ్చేదాంట్లో మూడో వంతు. నాకొచ్చింది తక్కువైతే అద్దె తగ్గుతుంది, నీకు పని దొరికితే పెరుగుతుంది. కింద నర్సు ఉంటుంది. నీ నడుముకి తగ్గ పని వెతికి పెట్టే మనిషి ఉంటాడు. ఒక నెల అద్దె తప్పితే ఉత్తరం పంపరయ్యా అక్కడ. పైకొచ్చి తలుపు తట్టి ఏమైందని అడుగుతారు. ఏమైంది అని! ఈ నాలుగు నెలల్లో ఆ ఒక్క ముక్క మనల్ని ఎవడన్నా అడిగాడా? కనీసం ఆ టీ పోసినవాడు అడిగాడా?"

ఆమె జిప్పు లాగడం ఆపేసింది.

లారీ వెనక తాళ్ళు చుడుతున్న బావమరిది దగ్గరికొచ్చాడు. ఆమెకు తమ్ముడు, మేస్త్రి దగ్గర హమాలీ. మనిషి తలుపంత ఉంటాడు, బుర్ర కూడా తలుపులాంటిదేనని మేస్త్రి ఎప్పుడూ ఏడిపిస్తుంటాడు.

"బావా, తాళం పగలగొట్టేద్దామా? రెండు దెబ్బలు చాలు."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా" అంది అక్క. "పగలగొడితే కేసు. కేసున్న వాళ్ళకి అసలే ఇవ్వరు."

తాళంచెవి తిరిగి అడుగుదామని వెళితే మేనేజరు గదికి తాళం వేసి ఉంది. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. మూడింటికి పది నిమిషాలు తక్కువ.

మేస్త్రి తలెత్తి మూడో అంతస్తు వైపు చూశాడు. అక్కడ అతని తలుపు ముందు నుంచి మెట్ల దాకా పొడుగాటి వరండా ఉంది. పదకొండేళ్ళు పిల్లలు సైకిలు తొక్కిన వరండా.

"తలుపు వాడిది" అన్నాడు నెమ్మదిగా. "వరండా ఎవడిది?"

"అందరిదీ" అన్నాడు బావమరిది.

"అందరిలో మేం లేమా? దింపండిరా."

మేస్త్రి పనిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి సామానైనా సరే, పొయ్యి, పరుపు, నీళ్ళ బిందె ఆఖరున ఎక్కిస్తాడు. కొత్తచోట లారీ ఆగిన వెంటనే అవి మూడూ దిగాలి. ముందు పాలు కాగాలి, పిల్లలు పడుకోవాలి, తరవాతే బీరువాలూ మంచాలూ. వేరేవాళ్ళు అందినదాన్ని అందినట్టు ఎక్కించి, కొత్త ఇంట్లో అర్ధరాత్రిదాకా పొయ్యి కోసం వెతుకుతుంటే అతను నవ్వుకునేవాడు. ఇంకొక పద్ధతీ ఉంది. సామాను దిగకముందే కొత్త ఇంట్లో నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, ఏ వస్తువు ఎక్కడో రాసిపెడతాడు. హమాలీ ఒక్కడు కూడా బరువు నెత్తిన పెట్టుకుని ఎక్కడ దించాలని అడగనక్కర్లేదు.

ఇవాళ ఆ సుద్దముక్క తీసుకుని వరండా మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నడుము సలుపుతుంటే పళ్ళు బిగించి గీశాడు. ఇటు వంటగది. ఇటు పడకగది. ఇక్కడ గుమ్మం. మూసి ఉన్న తలుపుకి అవతల ఇల్లు ఎలా ఉండేదో, ఇవతల అచ్చం అలాగే.

హమాలీలు మూడంతస్తులు పరుగులు పెట్టారు. పొయ్యి వచ్చింది. పరుపులు వచ్చాయి. బీరువా వద్దన్నాడు, చాలదు టైము. చిన్నదాన్ని బావమరిది భుజాన వేసుకుని తెచ్చి పడకగదిలో పడుకోబెట్టాడు. పెద్దది తన పుస్తకాలు గోడవారగా పేర్చి, తండ్రిని చూసి అంది.

"నాన్నా, నువ్వు గోడ తొక్కావు."

మేస్త్రి గబుక్కున కాలు తీసి గుమ్మంలోంచి నడిచాడు. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న భార్య ముఖం మీద నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది.

పక్క వాటా ఆవిడ తలుపు సందులోంచి చూసి ముక్కున వేలేసుకుంది. "ఇదేం కాపురమమ్మా, దారిలో?"

"దారిలో పడకుండా ఉండడానికేనమ్మా" అంది మేస్త్రి భార్య, పాలగిన్నె పొయ్యి మీద పెడుతూ.

పాలు కాగడం మొదలయ్యాక ఆమె అతని చెవి దగ్గరికి వంగింది.

"మేనేజరు ఎలాగూ సంతకం కాగితం చూపిస్తాడు. మేడమ్ నిన్ను అడుగుతుంది. నీకు చదవడం రాదని చెప్పు."

"ఏంటీ?"

"వేలిముద్రగాడినని చెప్పు. ఎవరో సంతకం గీయడం మాత్రం నేర్పారని చెప్పు. నాతో పనిచేసే ఆవిడ మొగుడికి అలాగే వదిలేశారు. చదువు రానివాడి చేత పెట్టించిన సంతకం వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. ఒక్క అబద్ధం. ఒక్కటే."

మేస్త్రి పెద్దమ్మాయి వైపు చూశాడు. ఇరవై ఆరేళ్ళు వచ్చాక నేర్చుకున్నాడతను చదవడం. లారీల వెనక రాతలు చూసి, రవాణా బిల్లులు చూసి, తప్పులు చదివి అందరి చేతా నవ్వించుకుని నేర్చుకున్నాడు. హమాలీలకి ఊళ్ళ నుంచి ఉత్తరాలొస్తే చదివిపెట్టేది అతనే. ఆ పిల్లకి అక్షరాలు దిద్దించింది కూడా అతనే, లారీ తలుపు మీద, ఇదే సుద్దతో. ఇప్పుడు ఆ పిల్ల ముందు నాకు చదువు రాదని చెప్పాలి.

"ఇల్లు కావాలా, మీసం కావాలా?" అంది భార్య. ఈసారి ఎగతాళిగా కాదు. బతిమాలుతున్నట్టు.

అతను తలాడించాడు. సరేనన్నాడో, విన్నానన్నాడో అతనికే తెలియదు.

నాలుగింటికి పది నిమిషాల ముందే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ముందు మేడమ్ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, అరిగిపోయిన చెప్పులు, భుజాన బరువైన సంచి, చేతిలో అట్టకి క్లిప్పుతో పెట్టిన కాగితాలు. ఆవిడ వెనకే ఎగశ్వాసతో మేనేజరు. ఎక్కణ్ణించి ఊడిపడ్డాడో గానీ, చొక్కా చంకల్లో తడిసి ఉంది.

"చూశారా మేడమ్, చూశారా!" అని మెట్ల మీదనుంచే మొదలెట్టాడు. "నేను కింద మీకు చెప్పింది అక్షరాలా నిజం. సామాను బయట. తాళంచెవి నా దగ్గర. ఇదిగో కాగితం, ఇదిగో సంతకం. ఇష్టపూర్వకంగా ఖాళీ చేశారు. ఇప్పుడు మళ్ళీ ఎవరో ఎక్కిస్తే నాటకాలు. ఏమయ్యా మేస్త్రి, టీ తాగి వెళ్ళినవాడివి, ఇదేం మర్యాద?"

"ఆ టీ కక్కమంటే కక్కుతా" అన్నాడు మేస్త్రి.

మేడమ్ పొయ్యి మీద పొంగుతున్న పాలు చూసింది. నిద్రపోతున్న చిన్నదాన్ని చూసింది. నేల మీద సుద్దగీతలు చూసింది. ఒక్క క్షణం ఆగి, గుమ్మం అని గీసిన చోటికి నడిచి, చెప్పులు విడిచి, అందులోంచి లోపలికి వచ్చింది. మేస్త్రి భార్య పమిట అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాప మందు ఎక్కడ పెడతారు?" అని అడిగింది మేడమ్.

"ఇక్కడ. చేతికందేలా" అని చూపించింది ఆమె.

"ఎన్నింటికి వేస్తారు?"

"ఎనిమిదికి, మళ్ళీ ఎనిమిదికి."

మేడమ్ రాసుకుంది. తరవాత చెయ్యి చాచి మేనేజరు దగ్గరనుంచి కాగితం తీసుకుంది. చదవలేదు. మేస్త్రికి చూపించింది.

"ఈ సంతకం మీదేనా, మేస్త్రి గారూ?"

"నాదే."

"మీ చేత ఎవరైనా బలవంతంగా పెట్టించారా?"

"లేదు."

"నేను అడగక తప్పదు, ఏమనుకోకండి. మీకు చదవడం వచ్చా? ఇది చదివే సంతకం పెట్టారా?"

పాలు పొంగి మంట మీద పడి చుయ్యిమన్నాయి, ఎవరూ పొయ్యి ఆపలేదు. భార్య అతని ముఖంలోకి చూస్తోంది. రెప్ప వేయడం లేదు. బావమరిది బుర్ర గోక్కుంటున్నాడు. మేనేజరు పెదాల చివర చిన్న నవ్వు. రాదని చెప్పు చూద్దాం అన్నట్టుంది ఆ నవ్వు. పెద్దది పుస్తకం గుండెకి పట్టుకుని నిలబడి ఉంది.

మేస్త్రి పెద్దదాని వైపు చూశాడు.

"వచ్చు" అన్నాడు. "రెండుసార్లు చదివాను."

భార్య కళ్ళు మూసుకుంది. మేనేజరు నవ్వు ముఖమంతా పాకింది.

"ఇంకేం కావాలి మేడమ్? ఆయన నోటితోనే..."

"నన్ను చెప్పనీ" అన్నాడు మేస్త్రి. "చదివాను కాబట్టే అడిగాను. అందులో ఏముందో నాకు గుర్తుంది. 'రెండు గదుల ఈ వాటాను శనివారం ఉదయం పది గంటల నుంచి నా ఇష్టపూర్వకంగా ఖాళీ చేస్తున్నాను' అని ఉంది. ఇవాళ శుక్రవారం కదా, శనివారమని ఎందుకు టైపు కొట్టారని ఇతన్ని అడిగాను. కోర్టు కాగితంలో అలా ఉంది, రెండూ ఒకేలా ఉండాలి, నోరు మూసుకుని పెట్టవయ్యా అన్నాడు. టీ ఇచ్చాడు. పెట్టాను."

మేడమ్ కాగితాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకుంది. కళ్ళద్దాలు పైకి తోసింది, కిందికి దించింది. ఇంకోసారి చదివింది. తరవాత చేతి గడియారం చూసుకుంది.

"ఇవాళ శుక్రవారమే" అంది. "రేపు పది గంటల దాకా ఈ వాటా వీళ్ళదే. మీరు రాసిన కాగితమే చెబుతోంది. తలుపు తీయండి, నేను లోపల చూడాలి."

మేస్త్రి భార్య కళ్ళు తెరిచింది. మొగుడి వైపు చూసిన ఆ చూపును అతను చచ్చేదాకా మరిచిపోడు. మేనేజరు నవ్వు మాత్రం ఎవరో తుడిచేసినట్టు పోయింది.

"అది... అచ్చు తప్పు మేడమ్. గుమాస్తా చేసిన పొరపాటు."

"కావచ్చు. తలుపు తీయండి."

"లోపల ఏముంది మేడమ్, ఖాళీ గదులు. సామానంతా ఇక్కడే ఉందిగా. ఇక్కడే చూసి రాసుకోండి, నేనూ ఒప్పుకుంటా. పోనీ రేపు పొద్దున..."

అప్పటిదాకా వీళ్ళు ఇక్కడ ఉండడం లేదని గొంతు చించుకున్నవాడు ఇక్కడే చూసి రాసుకోమంటున్నాడు. బావమరిదికి కూడా అనుమానం వచ్చింది.

"బావా, వీడెందుకు ఇంతలా చెమటలు కక్కుతున్నాడు?"

"తాళంచెవి" అంది మేడమ్, అరచెయ్యి చాచి.

మేనేజరు జేబులు తడుముకున్నాడు. ఈ జేబు, ఆ జేబు, మళ్ళీ ఈ జేబు. చివరికి గుత్తి బయటికొచ్చింది. దాన్ని మేస్త్రి భార్య అందుకుంది. ఇంకెవరికీ ఇవ్వలేదు. పదకొండేళ్ళుగా తీసిన తాళం, కళ్ళు మూసుకుని తీయగలదు. గొళ్ళెం తీసి తలుపు తోసింది.

తలుపు కదల్లేదు.

ఇంకోసారి భుజంతో తోసింది. పైన కొంచెం వంగింది, కింద బిగుసుకుని ఉంది.

"లోపల గడియ పడి ఉంది" అంది వెనక్కి తిరిగి, ఎవరితోనని కాకుండా.

ఇంటికి వెనక మెట్ల వైపు ఇంకో చిన్న తలుపు ఉంది. దాని తాళంచెవి అదే గుత్తిలో ఉండాలి. ఇప్పుడు లేదు. మేస్త్రి గుత్తి చూశాడు, మేనేజరు ముఖం చూశాడు. సంగతి సగం అర్థమయ్యేలోపు తలుపు అవతల పసిపిల్ల ఏడుపు లేచింది. లేచిందో లేదో ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగిపోయింది.

"ఎవరది?" అంది మేడమ్.

మేడమ్ తలుపు మీద వేళ్ళతో తట్టింది.

"తలుపు తీయమ్మా. ఎవరూ ఏమీ అనరు" అంది మళ్ళీ.

గడియ కిర్రుమంది. తలుపు జానెడు తెరుచుకుంది. ఒక ఆడమనిషి, పాతికేళ్ళుంటాయో లేదో, చంకలో బిడ్డ. ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఇంకో ఇద్దరు పిల్లలు. గది మధ్యలో విప్పని మూటలు నాలుగు. మేస్త్రి కళ్ళు ముందు ఆ మూటల మీదే పడ్డాయి. వాటి ముడులు చూడగానే తెలిసిపోయింది అతనికి. ఒక్కొక్కటి రెండేసిసార్లు బిగించిన ముడి. నెలకి మూడుసార్లు ఇల్లు మారేవాళ్ళు వేసే ముడి. విప్పే ఆశ లేనివాళ్ళు వేసే ముడి.

"అన్నా" అందామె మేనేజరుతో, ఏడుపు మింగుతూ. "వారం వారం కడితే కదపనన్నావు కదన్నా. పాతవాళ్ళు పోయారన్నావు. చప్పుడు చెయ్యొద్దంటే పిల్ల నోరు కూడా మూశానన్నా. ఇప్పుడు మళ్ళీ ఎక్కడికి పొమ్మంటావు?"

మేనేజరు ఒకడుగు వెనక్కి వేశాడు. అతని వైపు ఎవరూ చూడటం లేదు.

మేస్త్రి భార్య గుమ్మం ఇవతల నిలబడి ఆ తల్లి చంకలోని బిడ్డను చూస్తోంది. ఆ తల్లి గుమ్మం అవతల నిలబడి, వరండాలో సుద్దగీతల మధ్య ఉన్న పొయ్యిని, పరుపుని, నిద్రపోతున్న చిన్నదాన్ని చూస్తోంది. ఎవరు ఎవరి ఇంట్లో ఉన్నారో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

మేడమ్ అట్ట మీద కాగితం తిప్పింది. కొత్త పేజీ. పైన ఒకే ఒక గడి ఖాళీగా ఉంది. ఆవిడ గొంతులో ఇందాకటి గట్టిదనం లేదు.

"ఆరింటికల్లా ఆఫీసులో ఇవ్వాలి ఇది. ఒక్క పేరు. మిగిలిన ఆ ఒక్క ఇల్లు ఆ పేరుకే. ఈ వాటాలో ఇవాళ కాపురం ఉంటున్నది ఎవరో, నేను కళ్ళతో చూసింది రాసి, ఇంటి పెద్ద నోటితో విన్నది రాయాలి." పెన్ను కాగితం మీద ఆనించి తలెత్తింది. "మేస్త్రి గారూ, మీరు అబద్ధం చెప్పేవారు కాదని ఇప్పుడే చూశాను. చెప్పండి. ఈ ఇంట్లో ఉంటున్నది ఎవరు?"

లోపల పసిది మళ్ళీ ఏడుపు మొదలెట్టింది. ఈసారి ఎవరూ దాని నోరు మూయలేదు.

మేస్త్రి మోచేతి మీద భార్య వేళ్ళు బిగుసుకున్నాయి. వెనక్కి లాగుతోందో, ముందుకు తోస్తోందో అతనికి తెలియలేదు. అతను నోరు తెరిచాడు.